మూలలెర్రబడ్డ కాగితం

పోయిన యేడు వానాకాలం మా ఇంట్లో చాయపత్తి మీద జరిగినంత కొట్లాట దేని మీదా జరగలేదు. నేను తెచ్చుకున్న పొట్లం నేనే వాడుకుంటున్నా అమ్మ ఒప్పుకునేది కాదు. మనుషులు తాగాల్సిన చాయను కాగితాలకు తాగిస్తున్నానని ఆమె బాధ.

"గింత డికాషన్ల పాలు పోస్తే ఇంటిల్లిపాదికి ఎల్తది. నువ్వేమో తాంబాళంల పోసి కాయిదాలకు తానం పోయిస్తున్నవ్. బీయస్సీ సదివింది గిందుకేనా?"

"అమ్మా, ఇవి అమ్ముడుపోతయే."

"అంచులు కాలిన కాయిదాలు ఎవలు కొంటరే?"

కొనేవాళ్ళు ఉన్నారు. షాద్‌నగర్‌లో కంపెనీ ల్యాబ్‌లో పనిచేసినప్పుడు హాస్టల్‌లో నాతో ఉన్న కరుణ ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆటల బృందంతో ఉంది. పిల్లల ఆటలు కావు. పెద్దవాళ్ళే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర కడతారు. ఒకరు రాజుగారి వేగు, ఒకరు గజదొంగ, ఒకరు మంత్రగత్తె. కథ నడిపించే మనిషి ఒకరుంటారు. పాచికలు వేస్తూ, మాటలతోనే కోటలెక్కుతూ, అడవులు దాటుతూ ఆడతారు. మధ్యలో కథ నడిపే మనిషి సంచిలోంచి ఒక పటమో రాజుగారి ఫర్మానో తీసి బల్ల మీద పెడితే, ముట్టుకోగానే అది తాతల నాటిదనిపించాలి. ఆ కాగితాలు చేసే పని కరుణ నాకు ఒప్పజెప్పింది. కంపెనీలో కాంట్రాక్టు అయిపోయి, గ్రూపు పరీక్షకు చదువుకుంటానని ఊరికొచ్చి కూర్చున్న నాకు ఆ మాత్రం పని దొరకడమే ఎక్కువ.

అమ్మకు ఇదంతా చెప్తే, "అంటే చిందోళ్ళ బాగోతం లెక్కనా?" అంది.

"గంతే. గని కూసొని ఆడుతరు."

"మొఖానికి రంగు?"

"ఉండది."

"కాళ్ళకు గజ్జెలు?"

"ఉండయి."

"మరి జనం ఏం సూస్తరే?"

"సూసెటోళ్ళు ఉండరమ్మా. ఆడెటోళ్ళే ఉంటరు."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

ఆ పని నాకు చాలా నచ్చింది. తెల్లకాగితాన్ని ముందు బట్టలుతికే సోడా కలిపిన నీళ్ళలో ముంచుతాను, ఆ తర్వాత చిక్కటి డికాషన్‌లో. సోడా పట్టిన కాగితానికి చాయ రంగు బాగా ఎక్కి, ఎండిన మోదుగాకు రంగుకు వస్తుంది. ఇది నేను చేసి చూసి తెలుసుకున్నదే, ఎవరూ నేర్పలేదు. సగం ఆరాక ఇస్త్రీ చేసి, మడిచి, మడతల మీద ఇటుకపొడి రుద్దుతాను. అంచులకు వెలిగించిన అగరుబత్తి కొస ఆనిస్తే పురుగు తిన్నట్టవుతుంది. చాయ వాసన పోవడానికి కందుల బస్తాలో దాచేదాన్ని. కొన్నాళ్ళకు తీస్తే అటక మీది నుంచి దించినట్టే ఉండేది.

ఒకనాడు బాపుకు పరీక్ష పెట్టాను. మా బాపు పేరు లచ్చయ్య. బడికి పోలేదు కానీ కాగితాన్ని చేత్తో పట్టుకుని విలువ కట్టగల మనిషి. ఒక కాగితం ఆయన చేతికిచ్చి ఇదేంటో చెప్పమన్నాను. తిప్పి చూశాడు, వాసన చూశాడు.

"మా నాయిన నాటిది లెక్కుందే. యాడ దొరికింది?"

"మొన్న నేను చేసిన."

బాపు ముఖం వెలిగిపోయింది. అంతలోనే తప్పు పట్టాడు. "గని ఒకటి తక్కువైంది బిడ్డా. మూలలకు పసుపేది? పసుపు లేని కాయిదం కాయిదమా?"

మా దిక్కు ఏ కాగితమైనా, భూమిదైనా పెండ్లిదైనా, నాలుగు మూలలకు తడి పసుపు అద్దనిదే చేతులు మారదు.

"పట్నపోళ్ళ ఆటకు పసుపెందుకు బాపు" అన్నాను.

ఆ ముచ్చటంతా మా చిన్నాయిన నాగేందర్ అరుగు మీద కూర్చుని విన్నాడు. ఆయనది మా పక్క ఇల్లే, మధ్యలో గోడ కూడా లేదు. చలువ బట్టలు వేసుకుని, ఊళ్ళో వాళ్ళ పనుల మీద మండలాఫీసు చుట్టూ తిరుగుతుంటాడు. ఆయన నవ్వలేదు. బాపు చేతిలోంచి కాగితం తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎన్నేండ్లదంటే నమ్ముతరు స్వర్ణా?"

"ముప్పై ఏండ్లదన్నా నమ్ముతరు చిన్నాయినా."

గర్వంగానే చెప్పాను.

*

మా ఊరు కేతేపల్లికి దగ్గర. మూసీ కాలువ నీళ్ళు మా చెలక దాకా రావు, పక్క మడి దాకా వస్తాయి. ఆ పక్క మడి గొల్లోళ్ళ సైదమ్మది. ఎకరం. ఆమె మొగుడు గుర్వయ్య మామ బతికున్నప్పుడు ప్రతి ఎండాకాలం మొగుడూ పెళ్ళామూ గొర్లమందతో కృష్ణ ఒడ్డుకు పోయేవాళ్ళు. మందతో తిరిగే వాళ్ళకు వ్యవసాయం కుదరదని ఆ మడిని చిన్నాయినకు కౌలుకిచ్చారు. గుర్వయ్య మామ పోయాక కూడా అదే నడిచింది. పంట కాగానే చిన్నాయిన వడ్లు కొలిచేవాడు, సైదమ్మ ఎత్తుకుపోయేది. ఊరందరికీ తెలిసిన సంగతి.

సాదా బైనామా అని ఒకటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా, తెల్లకాగితం మీద రాసుకుని, సాక్షులను పెట్టి భూమి అమ్ముకోవడం. మా దిక్కు ఎన్నో భూములు అట్లనే చేతులు మారాయి. రాష్ట్రం రాకముందు అట్లా కొన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే పట్టా చేస్తామని కరోనా యేడు సర్కారు చెప్పింది. అందరూ మీసేవకు పోతుంటే చిన్నాయిన కూడా పోయి, సైదమ్మ మడి మీద ఒక దరఖాస్తు పడేసి వచ్చాడట. కాగితం లేకుండానే. ఏళ్ళ తరబడి ఆ ఫైలు కదలలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పోయిన యేడు కదిలింది. అసలు కాగితంతో, సాక్షులతో విచారణకు రమ్మని నోటీసు వచ్చింది.

ఆ నోటీసు జేబులో పెట్టుకునే ఆయన మా పత్తి చేనుకు వచ్చాడు. బాపు, అమ్మ, నేను నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతున్నాం. ఆయన గట్టు మీదే నిలబడ్డాడు. చేన్లో దిగితే చెప్పులకు మట్టి అవుతుంది కదా.

"బిడ్డా, నీ బాగోతం కాయిదాలు రెండు నాకియ్యరాదు?"

"దేనికి చిన్నాయినా?"

"గుర్వయ్య బతికున్నప్పుడే గీ మడి నాకమ్మిండు. నోటిమాట మీద. రాసుకోలే. ఇప్పుడు సర్కారు కాయిదం అడుగుతాంది. జరిగిన ముచ్చట జర ఆలస్యంగ రాసుకుంటే తప్పేముంది?"

"అమ్మితే సైదమ్మత్తకు ఇయ్యాల్టి దాకా కౌలెందుకు కొలుస్తున్నవ్?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. చిన్నాయిన నవ్వాడు. ఆఫీసుల్లో తిరిగి తిరిగి నేర్చుకున్న నవ్వు అది.

"ఓహో, లాయరమ్మ! మొగడు లేని మనిషి గదా అని దయతోటి పెట్టిన గింజలను గూడ లెక్కదీస్తున్నవా?"

"నేను ఆట కోసం చేసిన. ఇయ్య."

"ఇది గూడ ఆటే అనుకో. నేనొక ఏషం కడ్త, మీ బాపు ఒక ఏషం కడ్తడు. సాక్షి ఏషం. నువ్వేమంటవ్ అన్నా?"

బాపు తలవంచుకుని, ఏరేసిన కాయనే మళ్ళీ ఏరాడు. ఒక్క మాట, 'వద్దురా' అని ఒక్క మాట ఆ రోజు ఆ చేన్లో అని ఉంటే ఇంత రాసే పని నాకుండేది కాదు.

*

తర్వాత తుపాను వాన పట్టుకుంది. కాయలోనే పత్తి నల్లబడింది. ఏరింది ఏరినట్టు ఇంట్లోకి మోసుకొచ్చి, అర్రలో, వంటింట్లో, మంచాల కింద ఆరబోశాం. ఎటు చూసినా ముక్కిపోయిన తడి పత్తి. ఆ సందట్లో కందుల బస్తా చోటు మారింది. మార్చింది బాపే. నాకు అనుమానం రాలేదు. కన్నతండ్రి మీద అనుమానం రావడానికి అప్పటికి నేను అంత ఎదగలేదు.

వాన తెరిపిచ్చిన రోజు చిన్నాయిన వచ్చి బాపు పక్కన మంచం మీద కూర్చున్నాడు. అమ్మ చాయ పెట్టింది, నేను తీసుకెళ్ళాను. ఆయన ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి మడతలు విప్పాడు. 'గుర్వయ్య అను నేను నా ఇష్టపూర్వకముగా' అని నీలి సిరాతో గుండ్రటి రాత. ఏ పాత రాతగాడితో రాయించాడో. కింద ఒక వేలిముద్ర. తారీఖు నేను ఇంకా పలక పట్టని నాటిది. సాక్షులు పెద్దులు, లచ్చయ్య. పెద్దులు తాత చచ్చిపోయి చాలా కాలమైంది. లచ్చయ్య నన్ను కన్నవాడు.

నా కళ్ళు రాత మీద ఆగలేదు, మూలల మీద ఆగాయి. నాలుగు మూలలా పసుపు అద్ది ఉంది. కానీ అది పసుపుగా లేదు. పారాణిలా ఎర్రగా ఉంది.

"సూడు వదినా" అని చిన్నాయిన వంటింటి వైపు కేక వేశాడు. "పసుపు అద్దంగనే కుంకుమైంది. ఎల్లమ్మ తల్లి దయ. పని అయితదన్నట్టు."

అమ్మ గడప దాకా వచ్చి తొంగి చూసింది. "పసుపంటిన బట్టకు సబ్బు పెడితే గిట్లనే ఎర్రగైతది" అని తనలో తాననుకున్నట్టు అని, లోపలికి పోయింది. వాళ్ళిద్దరూ ఆ మాట పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. సబ్బులో ఉండే క్షారమే సోడాలోనూ ఉంటుంది. సోడాలో ముంచేది నేను. ఆ కాగితం నాది.

చాయ గ్లాసులు కింద పెట్టాను. లేకుంటే విసిరేసేదాన్ని.

"బాపు, బస్తాలకెల్లి తీసిచ్చింది నువ్వేనా?"

బాపు గ్లాసు అందుకుని ఊదుకున్నాడు. "తమ్ముడు అడిగిండు."

"నేను ఇయ్యనన్న గదా."

"నువ్వన్నవ్. నేనన్ననా?"

"గా ఏలు ఎవలిది? సచ్చిపోయిన గుర్వయ్య మామ ఏలు యాడ దొరికింది చిన్నాయినా?"

చిన్నాయిన బొటనవేలిని పిడికిట్లోకి ముడుచుకున్నాడు. తెలియకుండానే ముడుచుకున్నాడు.

"నోరు జర తక్కువ చెయ్యి" అన్నాడు బాపు. "వాళ్ళు గొర్లెంట తిరిగెటోళ్ళు. మడి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గీ ఇంటోడు బాగుపడితే నీకేం నష్టం? నిన్ను సదివిచ్చింది మాకే పాఠాలు చెప్పనీకా?"

ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. మంటలో నోరు జారింది. ఆ కాగితం మీద ఆయన పేరు దగ్గర వేలు పెట్టి చూపించాను. అక్కడ వేలిముద్ర లేదు, సంతకం ఉంది. 'లచ్చయ్య'. చకారం కింద వత్తు పెద్దగా, మీది అక్షరం చిన్నగా. అది నా చేతిరాతే. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు నా పలక మీద బాపుకు నేర్పిన సంతకం. వత్తు నేనే పెద్దగా రాసేదాన్ని కాబట్టి ఆయనకూ అట్లనే వచ్చింది. అది వచ్చిన రోజు ఆయన బర్రెల కొట్టం గోడ మీద బొగ్గుతో రాసుకుని ఊరందర్నీ పిలిచి చూపించాడు.

"గీ తారీఖు నాటికి నీకు సంతకం యాడొస్తది బాపు? నేర్పింది నేను గాదా? అబద్ధమాడనీకి గూడ నేను నేర్పిందే కావాల్నా?"

బాపు గ్లాసు కింద పెట్టేశాడు. నాకది చాలనిపించింది. కానీ చిన్నాయిన సంతకం వైపు చూసి, తారీఖు వైపు చూసి, తొడ మీద చరుచుకున్నాడు.

"మంచిగ యాదిచేసినవ్ బిడ్డా! సదువుకున్నోళ్ళు ఇంట్ల ఉండుడు ఎప్పటికైనా మంచిదే."

నా ముందే ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తిన్నగా కందుల బస్తా దగ్గరికి పోయి, మూతి విప్పి, ఇంకొకటి తీసుకున్నాడు. మళ్ళీ రాయిస్తాడట. ఈసారి బాపుది వేలిముద్ర పెట్టిస్తాడట. పోతూ పోతూ, "పసుపు మల్ల అద్దాలె అన్నా, మర్వకు" అన్నాడు.

అబద్ధం ఎట్లా ఆడాలో నేనే వాళ్ళకు సరిచేసి ఇచ్చాను. ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. మూలలు ఎందుకు ఎర్రబడ్డాయో నోరెత్తి చెప్పలేదు.

*

సైదమ్మ గొర్ల దొడ్డి దగ్గర గొర్రెపిల్లలకు తుమ్మకొమ్మలు వేస్తోంది. కొడుకు ఎల్లేష్ మందను తోలుకుని కాలువ అవతలికి పోయాడు. నేను నిలబడే అంతా చెప్పేశాను.

ఆమె కొమ్మలు కింద పడేసింది. "నోటీసు నాకు గూడ వచ్చింది బిడ్డా. ఏందని నాగేందర్నే అడిగిన. ఏం లేదు, కౌలు కాయిదమే, వచ్చి ఏలేస్తే సాలన్నడు. పోదామనే అనుకుంటున్న."

నేనేదో ఓదార్పు మాట అనబోయాను. ఆమె అననివ్వలేదు.

"గా కాయిదం ఎవలు చేసిండ్రు?"

"రాత నాది కాదత్తా. కాయిదం నేను చేసిందే. ఆట కోసం."

"మీ ఇంట్ల ఆటనా మా మడి? సచ్చినోనితోటి గూడ ఏలేపిచ్చిండ్రు గదనే! బతికున్నప్పుడు ఒక్కనాడన్న పరాయోని గడ్డి ముట్టిండా గా మనిషి? నీ సదువు పాడుగాను, తెల్లకాయిదాన్ని మురికిజేసుడు సదువా?"

తిట్టనిచ్చాను. ఆమె తిట్టడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. నాకు కోపం వచ్చింది ఆమె మీద కాదు, ఆమె తిట్టాల్సిన వాళ్ళు చాయ తాగుతూ మంచం మీద కూర్చుని ఉన్నందుకు.

చివరికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎల్లేష్‌కు చెప్పకు. కట్టె పట్టుకొని పోతడు. నువ్వేం జేస్తవో జెయ్యి" అంది.

"నువ్వు యాడ గూడ ఏలెయ్యకు. గంతే" అన్నాను.

ఇంటికొస్తే అమ్మ తడి పత్తి తిరగేస్తోంది. నా కాళ్ళకంటిన దొడ్డి పెంటను చూసి, కడుక్కోమని చెంబు జరిపింది.

*

విచారణ పంచాయతీ ఆఫీసులో. తహసీల్ నుంచి భూముల విచారణ చేసే గిర్దావర్ మేడం వచ్చింది. బల్ల మీద నీళ్ళ సీసా, ఫైళ్ళు, సిరా డబ్బా. ఒక పక్క మగవాళ్ళు, గోడ వారన ఆడవాళ్ళు. నేను పరీక్ష పుస్తకంలో ఖాళీ కాగితం ఒకటి పెట్టుకుని వెళ్ళాను. బస్తాలో మిగిలిన వాటిలోదే, రాత లేనిది.

మేడం కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. మడతలు చూసింది, అంచులు చూసింది. పాతదేనని ఆమెకు నమ్మకం కుదురుతున్నట్టు ముఖం చూస్తేనే తెలుస్తోంది. అంత బాగా చేసింది నేనే.

"ఇన్నేండ్లు మంచిగనే దాసిండ్రు" అంది.

"ఎలుకలు కొట్టకుంట కందుల బస్తాల పెట్టినం మేడం" అన్నాడు చిన్నాయిన. ఎంత నిజం!

"మూలలకు ఇదేంది, ఎర్రగ?"

"కుంకుమ మేడం. శుభానికి."

సైదమ్మ ఆగలేకపోయింది. "మా ఇంటాయన అమ్మలే మేడం! కౌలుకిచ్చినం. సచ్చినోని ఏలు యాడికెల్లి తెచ్చినవ్‌రా నాగేందర్, బొందలకెల్లి తవ్వినవా?"

"ఓ అమ్మా, ఆగు. నీ వంతొస్తది." మేడం కాగితం కింద చూసింది. "సాక్షి లచ్చయ్య ఎవరు?"

బాపు లేచి నిలబడ్డాడు. ఉతికిన తువ్వాల భుజం మీద వేసుకుని వచ్చాడు ఆ రోజు.

"గుర్వయ్య అమ్మినప్పుడు నువ్వున్నవా?"

"ఉన్న మేడం."

గట్టిగా కూడా అనలేదు. కానీ అన్నాడు. నేను లేచాను.

"మేడం, ఆ కాయిదం పాతది కాదు. ఈ వానాకాలం మా ఇంట్ల నేను చేసింది. సూపిస్త."

వెనక ఎవరో "ఇంటి ముచ్చట ఇంట్ల తెంపుకోవాలె గని" అన్నారు. ఇంకెవరో "తండ్రి మీదికి లేస్తాంది, సూసినవా సదువు" అన్నారు. చిన్నాయిన నవ్వుతూ, "పరీక్షలకు సదివి సదివి పిల్లకు జర తల తిరుగుతాంది మేడం" అన్నాడు.

నేను ఖాళీ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. పక్కనే ఫైల్లోంచి ఒక తెల్లకాగితం ఇమ్మని మేడంను అడిగాను. అప్పుడు గుర్తొచ్చింది, పసుపు తేలేదు. కోపంతో బయలుదేరిన మనిషికి ఏం గుర్తుంటుంది. చుట్టూ చూసి, "ఎవల దగ్గరన్న పసుపున్నదా?" అన్నాను. ఎవరూ కదల్లేదు. పంచాయతీ ఆఫీసుకు పసుపు ఎవరు తెస్తారు.

గోడ వారనుంచి అమ్మ లేచి వచ్చింది. నడుం దగ్గర దోపుకున్న చిన్న పొట్లం తీసి నా చేతిలో పెట్టి, మళ్ళీ పోయి తన చోట్లో కూర్చుంది. బాపు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

సీసాలో నీళ్ళు అరచేతిలో పోసుకుని పసుపు తడిపాను. మేడం ఇచ్చిన తెల్లకాగితం మీద అద్దితే పసుపు పసుపుగానే ఉంది. నా కాగితం మీద అద్దాను. అందరూ చూస్తుండగానే ఎర్రబడింది.

"సోడా నీళ్ళల ముంచిన మేడం, రంగు కోసం. సోడాకు పసుపు తగిలితే ఎర్రగైతది. నిజంగ పాత కాయిదానికి ఎవలు సోడా పెడ్తరు?"

ఆడవాళ్ళలో ఒకావిడ, "పసుపు చీరలు సబ్బుల నానేస్తే మనకైనట్టే గదనే" అని పక్కావిడతో అంది. ఆ మాట అటు నుంచి ఇటు పాకింది. చిన్నాయిన నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, కానీ కళ్ళు తలుపు వైపు పోయాయి.

మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తర్వాత బాపును చూసింది.

"లచ్చయ్యా. మల్ల అడుగుతున్న. గుర్వయ్య అమ్మినప్పుడు నువ్వున్నవా?"

నేను బాపు నోటి వైపే చూస్తున్నాను. 'లేను' అంటే చాలు. ఇల్లు పోయినా, పరువు పోయినా, ఆ ఒక్క మాటతో ఆయన నాకు మళ్ళీ బాపు అయ్యేవాడు.

"యాదికి లేదు మేడం" అన్నాడు.

మేడం అదే రాసుకుంది. "సరే. నువ్వు చెప్పింది రాసిన. సంతకం పెడ్తవా, ఏలేస్తవా?" అని ఒక చేత్తో పెన్ను, ఇంకో చేత్తో సిరా డబ్బా ముందుకు జరిపింది.

బాపు పెన్ను వైపు చూశాడు. నన్ను చూశాడు. బొటనవేలు చాచాడు.

*

చిన్నాయిన దరఖాస్తును తిరగ్గొట్టారు. ఆ కాగితాన్ని మేడం కవర్లో పెట్టి తీసుకుపోయింది. దాని మీద కేసు అవుతుందని కొందరు, ఏమీ కాదని కొందరు అన్నారు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. చిన్నాయిన మళ్ళీ చలువ బట్టలు వేసుకుని మండలాఫీసుకు పోతున్నాడు. మాకూ వాళ్ళకూ మధ్య లేని గోడ ఇప్పుడు ఉంది, సిమెంటు పూత కూడా పూర్తయింది. సైదమ్మ మడిని ఎల్లేషే దున్నుతున్నాడు. ఆమె నాకు ఎదురైతే పలకరిస్తుంది కానీ మా ఇంట్లో నీళ్ళు తాగదు. తాగమని అడిగే ముఖం నాకూ లేదు.

నల్లబడ్డ పత్తిని జిన్నింగు మిల్లుకు తోలిన రోజు ట్రాక్టరులో బాపు వెంట నేను కూడా పోయాను. తూకం కాగానే అక్కడి గుమాస్తా పెన్ను ఇచ్చాడు. ఏటా వచ్చే మనిషి అని ఆయనకు తెలుసు.

బాపు పెన్ను ముట్టుకోలేదు. "సిరా డబ్బా ఇయ్యి" అన్నాడు.

"అదేంది లచ్చయ్యా, పోయినేడు సంతకం పెడ్తివి గదా. మర్చిపోయినవా?"

"నాకు రాదు" అన్నాడు బాపు. నన్ను వినమని కొంచెం గట్టిగానే అన్నాడు. వేలు అద్ది, తువ్వాలకు తుడుచుకున్నాడు. బ్యాంకులో అట్లనే, రేషన్ దుకాణంలో అట్లనే. నేను నేర్పింది తనకు వద్దని, నా ముందరే, ప్రతిసారీ.

కరుణ ఆర్డర్లు పంపుతూనే ఉంది. నేను చేస్తూనే ఉన్నాను. అమ్మ చాయపత్తి గురించి తిట్టడం మానేసింది, డికాషన్ తనే కాస్తోంది. ఒక్కటి మార్చాను. ఇప్పుడు నా చేతిలోంచి పోయే ప్రతి కాగితానికి ఒక మూల తడి పసుపు అద్దుతాను. అది ఎర్రబడేదాకా ఆగి, ఆరాకనే కట్ట కడతాను. రాజముద్రలా బాగుందని ఆడేవాళ్ళు మెచ్చుకుంటున్నారట. అది ముద్ర కాదు. ఈ కాగితాన్ని ఎవడూ నిజమని చెప్పుకోకుండా నేను పెట్టే గుర్తు.

నేను అరుగు మీద కూర్చుని ఆ చుక్కలు పెడుతుంటే బాపు చూసి ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. నా చుక్క నేను పెడతాను. ఆయన వేలు ఆయన వేసుకోనీ.